పెద్ద టైరుకు సన్న రిమ్ము

ఫోర్డ్ కంపెనీ తన రాప్టర్ పికప్ ట్రక్కుకు 2021 మోడల్‌లో, కోరినవాళ్లకు, 37 అంగుళాల టైర్లు పెట్టి ఇచ్చింది. టైరు వెడల్పు పన్నెండున్నర అంగుళాలు, అది కూర్చున్న రిమ్ము వెడల్పు ఎనిమిదిన్నరే. అదే ఏడు జీప్ రాంగ్లర్ రూబికాన్‌కు కూడా 35 అంగుళాల టైర్లు కంపెనీ నుంచే వచ్చాయి. వాటి రిమ్ము ఇంకా సన్నం, ఎనిమిది అంగుళాలు. ఎంత వెడల్పు రిమ్మైనా చేయించుకోగల కంపెనీలివి. బయట మాత్రం, ట్రక్కును లిఫ్ట్ కిట్‌తో నాలుగు నుంచి ఆరు అంగుళాలు పైకెత్తించుకున్న అమెరికన్లలో చాలామంది పది, పన్నెండు అంగుళాల రిమ్ములు బిగించుకుంటారు. చూడ్డానికి బ్రహ్మాండంగానే ఉంటాయి. ఇంజనీర్లు సన్నరకం వైపు ఎందుకు మొగ్గారో చూద్దాం.

ముందు కొలతల సంగతి. టైరు పక్కన 35×12.50 ఆర్17 అని ఉంటే 35 అంగుళాలు నిలువెత్తు, 12.50 వెడల్పు, 17 రిమ్ము వ్యాసం. ఆ పన్నెండున్నర స్థిరమైన సంఖ్యేమీ కాదు. టైరు కంపెనీ ఒక నిర్ణీత రిమ్ము మీద, ఈ సైజుకు సాధారణంగా పది అంగుళాల రిమ్ము మీద, ఎక్కించి గాలి కొట్టి తీసిన కొలత అది. రిమ్ము అర అంగుళం సన్నబడితే టైరు దాదాపు 5 మిల్లీమీటర్లు సన్నబడుతుంది, వెడల్పయితే అంతే ఉబ్బుతుంది. ఇక రిమ్ము వెడల్పు అంటే బయటి అంచు నుంచి బయటి అంచుకు కాదు, లోపల టైరు ఆనే చోటు నుంచి ఆనే చోటుకు. తొమ్మిదంగుళాల రిమ్మును బయట నుంచి టేపు పెట్టి కొలిస్తే ఇంచుమించు పది వస్తుంది. పాత రిమ్ములు కొనేవాళ్లు ఇక్కడే పొరబడతారు.

ప్రతి టైరుకూ ఏ రిమ్ము నుంచి ఏ రిమ్ము దాకా సరిపోతుందో కంపెనీ పట్టికలో ఇస్తుంది. పన్నెండున్నర అంగుళాల టైర్లకు అది సాధారణంగా 8.5 నుంచి 11. రాప్టర్ రిమ్ము సరిగ్గా కింది గీత మీద ఉంది. జీప్‌కు పెట్టిన 315/70 ఆర్17 టైరుకు 8 నుంచి 11, అక్కడా కింది గీతే. రోడ్ల మీద తరచూ కనిపించే పన్నెండంగుళాల రిమ్ము ఈ పట్టికలోనే లేదు.

కింది గీత వైపు మొగ్గడానికి అసలు కారణం గాలి తగ్గించినప్పుడు తెలుస్తుంది. టైరు లోపలి అంచులో ఉక్కు తీగల చుట్టు ఉంటుంది, దాన్ని బీడ్ అంటారు. దాన్ని రిమ్ము అంచుకు అదిమి పట్టేది లోపలి గాలి ఒత్తిడి. కాలిఫోర్నియాలోని రూబికాన్ ట్రెయిల్ లాంటి బండరాళ్ల దారిలో డ్రైవర్లు 35 పీఎస్‌ఐ గాలిని 15కో, ఇంకా కిందికో దించుతారు. 2,400 కిలోల ట్రక్కులో ఒక్కో చక్రం మీద 600 కిలోలు పడతాయనుకుందాం. 35 పీఎస్‌ఐలో ఆ టైరు నేలను తాకే వైశాల్యం సుమారు 245 చదరపు సెంటీమీటర్లు, 15 పీఎస్‌ఐలో సుమారు 570. టైరు పక్కగోడ, అంటే సైడ్‌వాల్, కూడా కొంత బరువు మోస్తుంది కాబట్టి ఇది ఉజ్జాయింపే, అయినా విషయం స్పష్టం. పట్టును పెంచేది గాలి తగ్గించడం. రిమ్మును రెండంగుళాలు వెడల్పు చేసినందువల్ల నేలను తాకే వైశాల్యంలో వచ్చే మార్పు దీని ముందు లెక్కలోకి రాదు.

అయితే గాలి తగ్గగానే బీడ్ మీద పట్టు కూడా తగ్గుతుంది. సన్న రిమ్ము మీద సైడ్‌వాల్ రిమ్ము అంచు దాటి బయటికి ఉబ్బి ఉంటుంది. బరువు పడేకొద్దీ అది బీడ్‌ను బయటికే, అంటే రిమ్ము అంచు వైపే నెడుతుంది. వెడల్పు రిమ్ము మీద సైడ్‌వాల్ నిటారుగానో లోపలికి వాలో ఉంటుంది. పక్కకు తిరిగేటప్పుడు వచ్చే లాగుడు బీడ్‌ను లోపలి పల్లంలోకి జార్చేస్తుంది, ఒక్కసారిగా గాలంతా పోతుంది. పైగా సన్న రిమ్ము మీద ఉబ్బిన రబ్బరు రాయికీ రిమ్ముకీ మధ్య అడ్డుగా నిలుస్తుంది. వెడల్పు రిమ్ముకు ఆ రక్షణ లేదు, మొదటి దెబ్బ లోహానికే తగులుతుంది.

వెడల్పు రిమ్ముకూ తనదైన చోటుంది. హైవే మీద లేన్ మారేటప్పుడు ఎత్తైన సైడ్‌వాల్ ఊగడం తగ్గుతుంది, స్టీరింగ్ చెప్పిన మాట త్వరగా వింటుంది. ఐస్‌లాండ్‌లోనైతే అది అవసరమే. అక్కడి ఆర్కిటిక్ ట్రక్స్ సంస్థ టయోటా హైలక్స్‌లకు పదిహేనున్నర అంగుళాల వెడల్పున్న 38 అంగుళాల టైర్లు, వాటికి పన్నెండు అంగుళాలు దాటిన రిమ్ములు బిగిస్తుంది. బీబీసీ టాప్ గేర్ బృందం 2007లో కెనడా ఉత్తరాన గడ్డకట్టిన సముద్రం మీద నడిపిన హైలక్స్‌ను సిద్ధం చేసింది ఈ సంస్థే. మెత్తటి మంచులో బండి కూరుకుపోకుండా గాలిని రెండు మూడు పీఎస్‌ఐకి దించుతారు. బీడ్ జారకుండా టైరును రిమ్ముకు జిగురుతో అతికించేవాళ్లూ ఉన్నారు. రాళ్లలేని మంచు మైదానానికి తగిన ఏర్పాటది.

వెడల్పుతో పాటే ఆఫ్‌సెట్ చూడాలి. రిమ్ము మధ్యగీతకూ, అది హబ్‌కు బిగిసే ముఖానికీ మధ్య దూరం అది. రాంగ్లర్ అసలు రిమ్ము ఆఫ్‌సెట్ సుమారు ప్లస్ 44 మిల్లీమీటర్లు. బయట ఎక్కువగా దొరికే తొమ్మిదంగుళాల రిమ్ముకు మైనస్ 12 ఉంటే, చక్రం మధ్యగీత 56 మిల్లీమీటర్లు బయటికి జరిగినట్టు. ఇది కొంత పనికొస్తుంది. పెద్ద టైరు లోపల సస్పెన్షన్‌కు రాసుకోదు. స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం పక్కకు తిరిగే అక్షం పైన లోపలికి వాలి ఉంటుంది కాబట్టి, టైరు ఎత్తు పెరిగినప్పుడు ఆ అక్షం గీత నేలను మరికాస్త బయట తాకి, చక్రం జరిగిన దూరంలో కొంత సర్దుకుంటుంది. మైనస్ 44 ఆఫ్‌సెట్ ఉన్న పన్నెండంగుళాల రిమ్ముతో అలాంటి సర్దుబాటు కుదరదు. ప్రతి గుంతా స్టీరింగ్‌ను చేతుల్లోంచి లాగుతుంది, హబ్ బేరింగ్ మీద అనవసరమైన భారం పడుతుంది, టైరు ఫెండర్ దాటి బయటికొచ్చి వెనక వచ్చేవాళ్ల అద్దాల మీదికి రాళ్లు విసురుతుంది. ఇంత నష్టానికి అందం ఒక్కటే సమాధానమైతే అది చాలదని నా గట్టి అభిప్రాయం. మన దేశంలోనైతే థార్ లాంటి బండ్లకు ఇలాంటి మార్పులు చేయించే ముందు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చదువుకోవాలి. కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీకీ తేడా వచ్చే మార్పులను అది ఒప్పుకోదు.

రాళ్ల దారీ హైవే రెండూ తిరిగే బండికి, పన్నెండున్నర అంగుళాల టైరుతో, నేను ఎనిమిదిన్నర లేదా తొమ్మిదే చెబుతాను. సైడ్‌వాల్ ఊగడం కాక, సన్న రిమ్ముకు మరో లోపం ఉంది: గాలి ఎక్కువైతే ట్రెడ్ నడుమ ఉబ్బి అక్కడే అరుగుతుంది. దాన్ని పట్టుకోవడానికి సుద్దముక్క చాలు. ట్రెడ్‌కు అడ్డంగా ఒక మందపాటి గీత గీసి, చదునైన రోడ్డు మీద కొద్దిదూరం తిన్నగా నడిపి దిగి చూడాలి. గీత మధ్యలోనే చెరిగితే గాలి రెండు మూడు పీఎస్‌ఐ తగ్గించాలి, అంచుల్లోనే చెరిగితే పెంచాలి, అంతటా సమానంగా చెరిగేదాకా. ఆ బరువుకు టైరు కంపెనీ చెప్పిన కనీస గాలి కంటే మాత్రం రోడ్డు మీద దించకూడదు. ఖాళీ ట్రక్కుకు ఒక అంకె, సామాను నింపినప్పుడు ఇంకో అంకె వస్తాయి. రెండూ రాసి డ్యాష్‌బోర్డు అరలో పెట్టుకోవాలి.