ఈడెన్ నదిలో బూడిద

1728లో వర్జీనియా, నార్త్ కరోలినాల సరిహద్దు కొలవడానికి వచ్చిన విలియం బర్డ్ డాన్ నది ఒడ్డున మనసు పారేసుకున్నాడు. తర్వాత అక్కడే వేల ఎకరాలు సంపాదించి ‘ఈడెన్ సీమ’ అని పేరు పెట్టుకున్నాడు. 1967లో నార్త్ కరోలినా వైపున్న లీక్స్‌విల్, స్ప్రే, డ్రేపర్ అనే మూడు మిల్లు ఊళ్లు కలిసి ఒకే పట్టణమైనప్పుడు ఆ పేరే నిలిచింది: ఈడెన్. దుప్పట్లు, తివాచీలు నేసిన మిల్లులు చాలావరకు మూతపడ్డాయి. ఈ ఊరి పేరు దేశమంతా మార్మోగింది మాత్రం బూడిద వల్ల.

ఊరి పక్కన నది ఒడ్డునే డ్యూక్ ఎనర్జీ విద్యుత్ కేంద్రం. బొగ్గు మండించడం 2012లోనే ఆపేశారు. దశాబ్దాల బూడిద మాత్రం చెరువుల్లోనే ఉండిపోయింది. బూడిద చెరువంటే ఏమిటో థర్మల్ కేంద్రాలున్న ఇబ్రహీంపట్నం వాళ్లకూ పాల్వంచ వాళ్లకూ వివరించక్కర్లేదు. ఈడెన్‌లో అలాంటి ఒక చెరువు కిందుగా, వాన నీటి కోసం వేసిన నాలుగడుగుల పాత గొట్టం ఒకటి నదిలోకి వెళ్లేది. 2014 ఫిబ్రవరి 2, ఆదివారం మధ్యాహ్నం చెరువు మట్టం పడిపోతోందని ఒక కాపలాదారు గమనించాడు. తుప్పు పట్టిన గొట్టం విరిగి, దాదాపు 39 వేల టన్నుల బూడిద నదిపాలైంది. బయటి జనానికి తెలిసింది మర్నాడు. దిగువన డాన్‌విల్ పట్టణం తాగేది ఈ నీళ్లే. వంద కిలోమీటర్లు దాటి బూడిద జాడ కనిపించింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది అంతకు ముందు ఏడాది కథ. అమెరికా నీటి చట్టం 1972 నాటిది. కాలుష్యంపై పౌరులే కోర్టుకెళ్లడానికి అందులో వీలుంది, కాకపోతే 60 రోజుల ముందు నోటీసివ్వాలి. ఆ గడువులో ప్రభుత్వమే దావా వేస్తే పౌరుల దారి చాలావరకు మూసుకుపోతుంది. 2013లో నదీ రక్షణ సంఘాల తరఫున సదరన్ ఎన్విరాన్‌మెంటల్ లా సెంటర్ నోటీసులు ఇస్తూ పోయింది. ఒక్కో గడువు తీరేలోపు రాష్ట్ర పర్యావరణ శాఖ దావా వేస్తూ పోయింది. అప్పటి గవర్నర్ ప్యాట్ మెక్‌క్రోరీ డ్యూక్ కంపెనీలో దాదాపు మూడు దశాబ్దాలు పనిచేసినవాడన్న సంగతి జనం మరిచిపోలేదు. చివరికి రెండు కేంద్రాలకు కలిపి రాజీ ప్రతిపాదన వచ్చింది: జరిమానా 99,111 డాలర్లు. అంత పెద్ద కంపెనీకి అది చిల్లర ఖర్చు. గొట్టం విరిగాక, మార్చిలో రాష్ట్రం ఆ ప్రతిపాదన వెనక్కి తీసుకుంది.

క్రిమినల్ కేసులో ఇంకో నిజం బయటపడింది. గొట్టాల్లోకి కెమెరా పంపి చూద్దామని 2011లో, 2012లో కేంద్రం సిబ్బందే డబ్బు అడిగారు. ఒక్కో గొట్టానికి 5 వేల డాలర్లు. పైవాళ్లు వద్దన్నారు. 2015 మే నెలలో గ్రీన్‌విల్ ఫెడరల్ కోర్టులో డ్యూక్ అనుబంధ సంస్థలు తొమ్మిది నేరాలు ఒప్పుకున్నాయి. జరిమానా, నష్ట నివారణ పనులు కలిపి 10.2 కోట్ల డాలర్లు. పైగా అయిదేళ్లు కోర్టు నిఘా.

దావాలు అక్కడితో ఆగలేదు. చెరువులకు పైకప్పు వేసి వదిలేస్తామని కంపెనీ, తవ్వి అడుగున నీరు ఇంకని పొర పరిచిన గుంతల్లోకి మార్చాల్సిందేనని సంఘాలు పట్టుబట్టాయి. 2019 ఏప్రిల్‌లో రాష్ట్రమే తవ్వమని ఆదేశించింది. అదే రాష్ట్రం! ఆ ఏడాది చివరి రోజున ఒప్పందం కుదిరింది: ఆరు కేంద్రాల నుంచి దాదాపు 8 కోట్ల టన్నులు ఎత్తిపొయ్యాలి. ఈడెన్ చెరువులు అప్పటికే ఖాళీ అయ్యాయి.

నదిలో పడ్డ బూడిదలో పైకి తీసింది మూడు వేల టన్నుల పైచిలుకు. మిగతాది తవ్వితే మేలుకన్నా కీడే ఎక్కువని వదిలేశారు. అది ఒండ్రు కింద ఉంది. జరిమానా కంపెనీ వాటాదారులే భరించాలి. తవ్వకం ఖర్చులో కొంత మాత్రం వినియోగదారులదే. 2021లో కుదిరిన మరో ఒప్పందంతో 110 కోట్ల డాలర్ల భారం తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. చార్లెట్‌లోనో కేరీలోనో ఉన్న మన పిల్లలు నెలనెలా కట్టే డ్యూక్ కరెంటు బిల్లులో ఈ బూడిద లెక్క కూడా ఉంది.