జొన్నరొట్టెయు నడుము కొలతయు

నా దేహము స్థూలించినదని నాతో తొలుత చెప్పినవాడు వైద్యుడు కాడు, దర్జీ. మొగుడంపల్లిలో మా ఇంటికి చేరువనే అతని కుట్టుమిషను. పండుగకు పంట్లాము కుట్టించుకొనవలెనని గుడ్డ తీసికొని పోతిని. అతడు నా నడుమునకు టేపు చుట్టి, అంకె చూచి, మరల చుట్టి చూచి, "సారూ, మూడేండ్ల కింద ముప్పై ఆరు. ఇప్పుడు నలభై ఒకటి. ఈ గుడ్డ సాలదు" అనెను.

అతడు చెప్పినది గుడ్డను గూర్చియే. కాని నాకు మా అన్న జ్ఞప్తికి వచ్చెను. ఆయనకును మొదట నడుమే పెరిగినది. పిమ్మట మధుమేహము వచ్చినది. ఆ పిమ్మట కాలి బొటనవ్రేలి పుండు మానక, మోకాలి క్రిందికి కాలు తీయవలసివచ్చినది. ఆ వారమే జహీరాబాదునకు పోయి రక్తపరీక్ష చేయించుకొంటిని. చక్కెర ఇంకను రోగమనిపించుకొనలేదు గాని దాని గడపమీద నిలిచియున్నదని వైద్యుడు చెప్పెను. తూచుకొనగా 86 కిలోలు.

భయపడిన మనుష్యుడు దగ్గరి దారి వెదకును. 2017, 2018 ప్రాంతమున తెలుగునాట అన్నమును పూర్తిగా విడిచి, కొవ్వు పదార్థములతోనే కడుపు నింపుకొను పద్ధతి యొకటి ఊరూర మారుమ్రోగెను. దానిని కొంత విని, కొంత ఊహించుకొని, నాకు నేనే వైద్యుడనై, రెండు మాసములు అన్నమును రొట్టెను ముట్టనైతిని. తొమ్మిది కిలోలు తగ్గితిని. చూచినవారెల్ల మెచ్చుకొనిరి. మూడవ మాసమున మేనకోడలి పెండ్లి వచ్చినది. విస్తరి ముందు కూర్చుండినవాడను మరల ఆ నియమము మొగము చూడలేదు. ఆరు మాసములలో పోయిన తొమ్మిదికి మారుగా పది కిలోలు వచ్చి చేరినవి. పద్ధతిని నిందింపను. జీవితాంతము నడువవలసిన త్రోవను రెండు నెలల ప్రయాణమనుకొనుట నా తప్పు.

అప్పుడు నేను మా నాయనను తలపోయసాగితిని. ఆయన ఉదయమున నాలుగు జొన్నరొట్టెలు, పుంటికూరయో పప్పో తిని పొలము పోయెడివాడు. సాయంకాలము గటుకయో అంబలియో. తన నడుము కొలత యెంతయో ఆయన యెన్నడు నెరుగడు. ఎరుగవలసిన అవసరమును రాలేదు. కనుక రహస్యమంతయు జొన్నలోనే యున్నదని నేను తీర్మానించుకొంటిని. మా సీమలో అట్టి తీర్మానమునకు ఆధారములు లేకపోలేదు. జహీరాబాదు ప్రాంతము మెట్టభూముల సీమ, ఎర్రనేలలు, నల్లరేగడులు, జొన్న, కొర్ర, సామ, కంది, పెసర, ఉలవ కలిసి పండిన నేల. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వము కిలో బియ్యమును రెండు రూపాయలకు ఇచ్చుట ప్రారంభించిన తరువాత, పేదయింట పండుగనాటి వంటయైన అన్నము నిత్యభోజనమైనది. ఆకలిని ఆపిన ఆ బియ్యమును నిందించుట కృతఘ్నత. అయినను జొన్న వెనుకబడిన మాట నిజము. అదే 1983లో స్థాపితమైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, పస్తాపూరు కేంద్రముగా, ఈ చుట్టుపట్ల పల్లెలలోని దళిత స్త్రీలను సంఘములుగా కూర్చి, బీడుభూములలో మరల చిరుధాన్యములు పండింపజేసినది. ఆ స్త్రీలు తమ పల్లెలకు తామే జొన్నల రేషను నడుపుకొనిరి. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారి ఈక్వేటర్ బహుమానము లభించినది. 2023ను ప్రపంచమంతయు చిరుధాన్యముల సంవత్సరముగా జరుపుకొన్నది.

ఇంతటి ఘనత గల ధాన్యము నా నడుమును తగ్గింపదా యనుకొంటిని. నాలుగు రొట్టెలు తినసాగితిని. తూకము కదలలేదు!

కారణము లెక్కలో నున్నది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగముగా పుట్టి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన సంస్థయే నేటి జాతీయ పోషకాహార సంస్థ. ఆ సంస్థవారి పట్టికలను చూచినచో నూరు గ్రాముల బియ్యమునను, నూరు గ్రాముల జొన్నలయందును గల శక్తి ఇంచుమించు సమానమే. రెండును సుమారు 350 కేలరీలు. జొన్నలలో మాంసకృత్తులు హెచ్చు. పీచు మూడింతలకు పైబడి యుండును. అందుచే అది నెమ్మదిగా అరిగి, చిరకాలము ఆకలిని ఆపును. అది గొప్ప మేలే. కాని కొలత లేక తిన్నచో జొన్నరొట్టెయు కొవ్వుగనే మారును. మా నాయన సన్నముగా నుండుటకు కారణము రొట్టె కాదు. రొట్టె తరువాత పన్నెండు గంటల నాగలి, మోట, మూటలు. ఇంకొక కారణము కూడ కలదు, చెప్పుటకు మనసొప్పదు. అయిదవ రొట్టె ఇంట లేదు.

ఈ విషయమును మన పూర్వులు విడమరచి చెప్పియున్నారు. చరకసంహిత సూత్రస్థానమున 21వ అధ్యాయము అతిస్థూలుని, అతికృశుని ఇరువురను గూర్చినది. స్థూలునికి హితములని చెప్పిన ధాన్యములలో కొర్రలు, అరికెలు, పెసలు, ఉలవలు కలవు, అన్నియు మెట్టపంటలే. అయితే ఆ పట్టికతో ముగింపలేదు. వ్యాయామమును, మేలుకొనియుండుటను, ఆలోచనను క్రమక్రమముగా పెంచుకొమ్మనియు చెప్పినది. మందంతయు ఆ 'క్రమక్రమముగా' అను మాటలోనే యున్నది.

వ్యాయామమొక్కటియే చాలునా? లండనులో విలియం బాంటింగ్ అను నతడు, శవసంస్కారముల ఏర్పాట్లు చూచు వ్యాపారి, బరువు తగ్గుటకై ప్రతి ఉదయము పడవలో తెడ్లు వేసెను. కండబలము పెరిగినది, దానితోపాటు ఆకలియు పెరిగినది, బరువు తగ్గలేదు. తుదకొక వైద్యుని మాటపై రొట్టె, చక్కెర, బీరు, బంగాళాదుంపలు మాని, ఏడాదిలో సుమారు 46 పౌండ్లు, అనగా 21 కిలోలు తగ్గి, 1863లో ఆ అనుభవమును చిన్న పుస్తకముగా ప్రకటించెను. శ్రమ ఆకలిని పిలుచును. ఆహారనియమము ఆ ఆకలికి హద్దు గీయును. ఒకదాని వెంట రెండవది లేనిచో రెండును వ్యర్థములే.

ఇక నా సంగతి. నేను మొట్టమొదట పట్టుకొన్న దొంగ చాయ్. దినమునకు నాలుగు కప్పులు, కప్పునకు రెండు చెంచాల చక్కెర. చెంచాకు ఇరువది కేలరీల చొప్పున దినమునకు 160, సంవత్సరమునకు 58,400. ఒక కిలో కొవ్వు సుమారు 7,700 కేలరీలకు సమానమందురు. అనగా ఏడున్నర కిలోల కొవ్వునకు సరిపడు శక్తిని నేను చాయ్ దుకాణపు బల్లమీద కూర్చుండియే త్రాగుచుంటిని! దేహము లెక్కల పుస్తకమువలె నడువదు; తిండి తగ్గినకొలది తన ఖర్చును తానే కుదించుకొనును. అయినను దొంగ దొంగయే. చక్కెర మానితిని, మొదటి పక్షము చాయ్ చేదుగా నుండెను, పిమ్మట రుచి తెలిసినది. రొట్టెలు నాలుగు రెండైనవి. ఆ ఖాళీలో కూర, పెసరపప్పు, మజ్జిగ చేరినవి. రాత్రి భోజనము దీపాలవేళకే ముగించితిని. వేకువను నలుబది నిమిషములు వడిగా నడచుట, వచ్చి కుర్చీలోనుండి చేతులూనక ఇరువదిమారులు లేచి కూర్చుండుట నిత్యకృత్యములైనవి. వారమునకు కనీసము 150 నిమిషముల మధ్యరకపు శ్రమ కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. వయసు మీరినవారికి కండను నిలుపు వ్యాయామము కూడ అవసరమే. ఇట్లని మధుమేహమునకు మాత్రలో ఇన్సులినో తీసికొనువారు వైద్యునితో చెప్పక తిండి తగ్గింపరాదు. రక్తములో చక్కెర ప్రమాదస్థాయికి పడిపోవును.

పదునాలుగు మాసములు గడచినవి. 87 నుండి 79 కిలోలకు దిగితిని. నెలకు అరకిలోకు కొంచెము మించి! ఈసారి ఎవ్వరును మెచ్చుకొనలేదు; అంత నెమ్మదిగా జరిగినది. కాని ఆ ఎనిమిది కిలోలు తిరిగి రాలేదు.

ఒక వేకువ నడచుచుండగా కలుపునకు పోవు ఆడువారు ఎదురైరి. వారిలో ఒక ముసలమ్మ, నా యొద్ద చదివిన పిల్లవాని అవ్వ, "యాడికి సారూ, గింత పొద్దుగాల?" అని అడిగినది. "యాడికి లేదవ్వా, ఊరికెనే నడుస్తున్న" అంటిని. "ఊరికెనె నడుస్తరా!" అని ఆమె నవ్వినది. ఆ నవ్వు నన్ను చాలదూరము వెంబడించినది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణ స్త్రీలలో నూటికి సుమారు 30 మంది అధికమైన బరువు గలవారు. నూటికి సుమారు 19 మంది ఉండవలసినంత బరువు లేనివారు. ఒకే ఊరి బాట మీద ఒకరు తిన్నది కరగించుటకును, ఒకరు తినవలసినది సంపాదించుటకును నడచుచున్నారు. మా నాయన సన్నదనమును ఆరోగ్యమని పొగడునపుడు ఇంట లేని ఆ అయిదవ రొట్టెను మరువరాదు. లేమివలన వచ్చిన కృశత్వము వేరు, కలిమిలో కొలత నేర్చుకొనుట వేరు. మొదటిది ఎవరికిని రాకూడదు. రెండవది నావంటివారందరును నేర్వవలెను.

మొన్న మరల దర్జీ కడకు పోతిని. టేపు ముప్పై ఎనిమిది చూపినది. భారతీయ పురుషునికి వైద్యులు గీచిన హద్దు 90 సెంటీమీటర్లు, అనగా ముప్పై అయిదున్నర అంగుళములకు లోపల. ఇంకను నడువవలసిన దూరము కలదు. అతడు పాత పంట్లామును విప్పి కుట్టుచు, "లోపల మడత ఉంచుతున్న సారూ, మల్ల లావైతె పనికొస్తది" అనెను.

"మడత వద్దు, కత్తిరించు" అంటిని.