అతిమానుషవీరుల చలనచిత్రములు: పోస్టరులందు స్త్రీమూర్తి

పోస్టరు కథను చెప్పదు. కథలో బలమెవరిది, అందమెవరిది అను విభాగమును మాత్రము ఒక్క చూపున తెలుపును. అతిమానుషబలము గల వీరుల చిత్రములందు ఈ విభాగము మఱింత స్ఫుటముగ గోచరించును. వీరుడు కార్యోన్ముఖుడై యుండును. స్త్రీ యతని ప్రక్కనో వెనుకనో నిలిచి చూపరులవంక చూచుచుండును. 2012లో వెలువడిన అమెరికా చిత్రము 'ది అవెంజర్స్' పోస్టరున బ్లాక్ విడో అను వీరవనిత మేని వంపులు కన్పట్టునట్లు తిరిగి నిలిచిన భంగిమ విమర్శకు గురియైనది. ఆమె చేత తుపాకి గలదు. కాని చూపరి దృష్టి దానిపై నిలుచునట్లు ఆ భంగిమ కూర్పబడలేదు.

స్త్రీమూర్తిని చిన్నదిగ చిత్రించుటయే దోషమని కొందఱందురు. మేమంగీకరింపము. దీనికి నిదర్శనము మన కరవుసీమలోనే యున్నది. లేపాక్షి (2022 వఱకు అనంతపురము జిల్లా, నేడు శ్రీ సత్యసాయి జిల్లా) ఆలయపు కప్పుపై 16వ శతాబ్దినాటి చిత్రములున్నవి. అందు వీరభద్రమూర్తి 20 అడుగులకు మించినది. ఆలయనిర్మాతలైన విరూపణ్ణ, వీరణ్ణలు ఆ మూర్తి పాదములచెంత మిక్కిలి చిన్నవారుగ నున్నారు. వారు పురుషులే! పరిమాణము స్థాయిని తెలుపునే గాని న్యూనతను గాదు.

అలంకారమును దోషము గాదు. అచ్చటనే పార్వతిని పెండ్లికూతురుగ సింగారించు చిత్రము గలదు. చీరల అంచులు, సిగముడులు, నగలు ఎంత సూక్ష్మముగ చిత్రింపబడినవో చూచినవారెఱుగుదురు. ఐనను ఆ స్త్రీల ముఖములు చాలవఱకు ప్రక్కకు తిరిగి, వారి చూపులు పరస్పరము కలసియున్నవి. వారు తమ పనిలో నున్నారు, మనకొఱకు నిలువలేదు. పోస్టరులోని నాయికకు లేనిది ఈ పనియే.

తెలుగున 'బాహుబలి – ది బిగినింగ్' (2015) పోస్టరొకటి విశేషముగ పరిశీలింపదగినది. నీటనుండి పైకి వచ్చిన యొక స్త్రీహస్తము పసిబిడ్డను ఎత్తిపట్టుకొనియుండును. అది శివగామి హస్తము. ముఖము లేదు, మేను లేదు. కార్యము మాత్రమే కలదు. ఇంత బలమైన స్త్రీచిత్రణము ఈ జాతి పోస్టరులలో అరుదు. ఐనను ఆ బలము బిడ్డను కాచుటకే వినియోగపడినదని గమనింపవలెను. ఆ చిత్రమునకే చెందిన మఱియొక పోస్టరున దేవసేన సంకెలలతో, నెరసిన తలతో కన్పట్టును. ఇందును అందము ప్రదర్శనవస్తువు గాలేదు. కాని కథలో కత్తి పట్టిన అవంతికను నాయకుడు బలిమిని అలంకరించు ఘట్టము ఆ యేటనే తీవ్రవిమర్శ పొందినది. కావున దోషము పోస్టరు చిత్రకారునిది మాత్రమే యని తీర్పు చెప్పరాదు. కొన్నియెడల అది కథలోనిదే.

ఈ సీమలో వేరుసెనగ చేలలో కలుపు తీయు పని స్త్రీలది. పని ముగించి మరలువారి కన్నులకు బస్టాండు గోడపై బలమన్న పురుషుని భుజమే యని కన్పట్టుట సామాన్యవిషయము గాదు. వారి బలమునకు అచ్చట రూపము లేదు.

'హనుమాన్' (2024) చిత్రమున అంజమ్మ పాత్రను పరిచయము చేసిన పోస్టరు ఈ విషయమున భిన్నమైనది. ఆమె పెండ్లిచీరతో, కొబ్బరిగెలను ఆయుధముగ చేతబట్టియుండును. చీరయు గెలయు రెండును కథలోనివే. అతిమానుషబలము మాత్రము ఆ కథలో ఆమె తమ్మునిది.