రాతిలోనికి దిగిన వేసవి

చలికాలపు తెల్లవారుజామున బావినీరు గోరువెచ్చగా తగులుట మనలో చాలమందికి అనుభవమే. పైగాలి చల్లబడినంత త్వరగా నేల లోపలి భాగము చల్లబడదు. లోతునకు పోయిన కొలది ఋతువులు ఆలస్యముగా చేరును. ఈ ఆలస్యమును కొలిచినచో రాతి ఉష్ణ స్వభావమును ఉన్నచోటనే గ్రహింపవచ్చును. పగులగొట్టి తెచ్చిన ముక్కలో కొండలోని నెఱ్ఱెలూ చెమ్మా యథాతథముగా ఉండవు కదా!

1837లో స్కాట్లాండునందలి ఎడిన్‌బరో నగరమున జేమ్స్ ఫోర్బ్స్ అను భౌతికశాస్త్రాచార్యుడు ఈ పనికి పూనుకొన్నాడు. కాల్టన్ కొండమీది అగ్నిపర్వత శిలలోను, ఒక తోటలోని ఇసుకలోను, క్రెయిగ్‌లీత్ గనిలోని ఇసుకరాతిలోను 3, 6, 12, 24 ఫ్రెంచి అడుగుల లోతులకు ఆల్కహాలు ఉష్ణమాపకములను దింపించినాడు. వాటి గాజుకాడలు నేలపైకి వచ్చునంత పొడవైనవి. అంత పొడవు గాజును పగలకుండ రాతిలోనికి దించినవారి ఓపికను తలచుకొన్నప్పుడెల్ల మాకు ఆశ్చర్యము కలుగును. అటుపిమ్మట వారము వారము అంకెలు వ్రాసికొనుటయే పని.

కాల్టన్ కొండలో 24 అడుగుల లోతున అత్యధిక ఉష్ణోగ్రత కనిపించినది జనవరిలో! పైన మంచు కురియు వేళకు వేసవి అక్కడికి చేరినదన్నమాట. క్రెయిగ్‌లీత్ ఇసుకరాతిలో అదే లోతునకు నవంబరు నాటికే చేరినది. లోతుతోపాటు హెచ్చుతగ్గులు ఎంత క్షీణించినవి, ఎన్ని దినములు వెనుకబడినవి అను రెండు లెక్కలనుండి వేడి రాతిలో వ్యాపించు వేగమును కట్టవచ్చును. ఇసుకరాతిలో అది కాల్టన్ శిలలోకంటె దాదాపు మూడు రెట్లని తేలినది. రాయి ఎంత వేడిని ఇముడ్చుకొనునో ప్రయోగశాలలో కొలిచి దీనికి జోడించినచో ఉష్ణవాహకత్వము లభించును.

ఈ అంకెలు అక్కడితో ఆగలేదు. తరువాతి కాలమున లార్డ్ కెల్విన్‌గా ప్రసిద్ధుడైన విలియం థామ్సన్ వీటిని తిరిగి గణించి, 1862లో భూమి వయస్సును లెక్కించుటకు వాడుకొన్నాడు. కరిగిన ముద్దగా ఉండిన భూమి నాటినుండి కేవలము చల్లబడుచునే వచ్చినదని ఆయన ఊహ. రాతి వాహకత్వము తెలిసినది, గనులలో లోతునకు వేడి ఎట్లు పెరుగునో తెలిసినది. కావున వయస్సు 2 కోట్లకు, 40 కోట్లకు నడుమ ఉండవలెనన్నాడు. జీవపరిణామమునకు అంతకంటె దీర్ఘకాలము అవసరమని భావించిన డార్విన్‌ను ఈ లెక్క చాల కలవరపెట్టినది.

నేడు భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరములని మనకు తెలియును. పొరపాటు కాల్టన్ కొండ కొలతలలో లేదు. పైపొర రాతివలె భూగర్భమంతయు కదలక మెదలక వేడిని ప్రసరింపజేయునని అనుకొనుటలో ఉన్నది. లోపలి పదార్థము మెల్లగా పొర్లుచు వేడిని పైకి తెచ్చునెడల పైపొర చిరకాలము వెచ్చగానే నిలుచును. ఈ మాటను 1895లోనే ఎత్తిచూపినవాడు జాన్ పెర్రీ. ఒకప్పుడు ఆయన కెల్విన్‌కు సహాయకుడే.