చూపు పోయినా ఆగని చిత్రకారుడు.. సత్యజిత్ రేకి పాఠాలు చెప్పిన ఈ మాస్టారి గురించి తెలుసా?

బొమ్మలు వేసే మనిషికి కళ్లే పోతే? ఇక అంతా అయిపోయినట్టే అనుకుంటాం. కానీ బెంగాలీ చిత్రకారుడు బినోద్ బిహారీ ముఖర్జీ మాత్రం ఆగలేదు. చూపు పూర్తిగా పోయాక కూడా 20 ఏళ్లకు పైగా కళలోనే బతికారు.

పుట్టుకతోనే సమస్య
1904లో కోల్‌కతా దగ్గరి బెహాలాలో పుట్టారు. ఒక కంటికి చూపే లేదు. రెండో కన్ను కూడా అంతంతమాత్రమే. దగ్గరగా పెట్టుకుంటేనే కనిపించేది. అయినా 1919లో శాంతినికేతన్‌లోని కళాభవన్‌లో చేరారు. అక్కడ ఆయన గురువు నందలాల్ బోస్. చదువయ్యాక అక్కడే టీచర్ అయ్యారు. సత్యజిత్ రే, కె.జి. సుబ్రమణ్యన్ లాంటి వాళ్లు ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లే.

గోడల మీద భక్త కవులు
ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చేది శాంతినికేతన్ హిందీ భవన్. 1946-47లో అక్కడ మూడు గోడల పైభాగంలో మధ్యయుగ సాధుసంతుల జీవితాన్ని చిత్రించారు. రామానుజుడు, కబీర్, తులసీదాస్.. అందరూ అందులో కనిపిస్తారు. విశేషం ఏంటంటే, గోడపై ముందుగా స్కెచ్ వేసుకోకుండా నేరుగా రంగులతోనే పని మొదలుపెట్టారు. అంధ కవిగా పేరున్న సూర్‌దాస్‌ కూడా ఆ గోడలపై ఉన్నారు. పదేళ్ల తర్వాత చిత్రకారుడికీ అదే పరిస్థితి వచ్చింది.

1956లో ఏం జరిగింది?
కంటి ఆపరేషన్ ఫెయిలైంది. ఉన్న కాస్త చూపూ పోయింది. మరి బొమ్మలెలా? చేతులనే నమ్ముకున్నారు. కాగితాలు కత్తిరించి కొలాజ్‌లు చేశారు. మైనంతో చిన్న చిన్న బొమ్మలు మలిచారు. స్కెచ్ పెన్‌తో గీతలు గీశారు. కళాభవన్‌కు తిరిగొచ్చి కళా చరిత్ర పాఠాలు చెప్పారు. 1972లో అక్కడి గోడపై సిరామిక్ టైల్స్‌తో పెద్ద మ్యూరల్ కూడా రూపొందించారు. ఎన్నో ఏళ్లుగా చూసినవన్నీ మనసులో దాచుకున్నారు కాబట్టే ఇదంతా సాధ్యమైంది.

శిష్యుడు తీసిన సినిమా
అదే ఏడాది సత్యజిత్ రే తన గురువుపై 'ది ఇన్నర్ ఐ' అనే డాక్యుమెంటరీ తీశారు. నిడివి దాదాపు 20 నిమిషాలే. అందులో జాలి చూపించే సీన్లు వెతికినా దొరకవు. పనిలో మునిగిపోయిన మనిషే కనిపిస్తాడు.

1974లో కేంద్రం పద్మవిభూషణ్ ఇచ్చింది. 1980లో ఆయన కన్నుమూశారు. ఆయన కూతురు మృణాళిని ముఖర్జీ కూడా పేరున్న శిల్పి. జనపనార తాళ్లను ముడులు వేసి శిల్పాలు చేశారు. అక్కడా పనంతా వేళ్లదే!