నాగస్వరమేళము: తిమిరి, బారి

కలికిరి సీమయందలి దేవాలయోత్సవములలో మంగళవాద్యముగా వెలయునది నాగస్వరమేళము. దీనినే 'నాదస్వర'మనియు వ్యవహరింతురు. జనవ్యవహారమందలి 'సన్నాయి' శబ్దము పారసీకమగు 'షహనాయి'కి సంబంధించినది. నాగస్వరము, డోలు, శ్రుతి నిలుపు ఒత్తు, తాళము అను నాలుగును మేళమునకు అంగములు. నేఁడు పెక్కుచోట్ల ఒత్తునకు బదులు శ్రుతిపెట్టె వచ్చినది.

నాగస్వరము ద్వివిధము. పొట్టిదై హెచ్చుశ్రుతి గలది తిమిరి. పొడవై తగ్గుశ్రుతి గలది బారి. తిమిరి ప్రాచీనము. దాని తీవ్రనాదము నాలుగు వీథులకును వినఁబడును గాన ఊరేగింపునకుఁ దగినది. అయినను శుద్ధమధ్యమము దానియందు సరిగాఁ బలుకదు. 20వ శతాబ్దమున తిరువావడుదురై రాజరత్నంపిళ్ల (1898–1956) ప్రోత్సాహమున నరసింగంపేట రంగనాథాచారి యీ కొఱఁత దీర్చి బారిని నిర్మించెను. తోడనే నాగస్వరము సభావాద్య మయ్యెను.

తెలుఁగునాఁట కరవదిలోఁ బుట్టిన షేక్ చినమౌలానా (1924–1999) నాచ్చియార్‌కోయిల్ సోదరులకడ తంజావూరు బాణి నభ్యసించి, శ్రీరంగమున స్థిరపడి, యీ వాద్యమునకుఁ గీర్తి దెచ్చెను.

బారి వ్యాపించినకొలఁది తిమిరి మూలఁబడినది. స్వరములను లిపిలో నిలుపవచ్చును, నాదమును నిలుపరాదు. పూర్వులు గర్భాలయమునుండి రథవీథివఱకు విన్న మేళ మెట్టిదో తెలియవలె నన్నచో, మిగిలిన తిమిరుల కొలఁతలు, రంధ్రముల యెడములు వ్రాసికొని, వృద్ధవాదకులచే వాయింపించి ధ్వనిముద్రణము చేయుట యావశ్యకము. వాద్యము మ్రానుగా మిగిలినను, ఊఁదు నేర్పు గతించినచో దానిని గ్రంథము మరల నీఁజాలదు.