ఆకాశయానం – పురుషుల ఆహార్యం

ఆక్లాండు నగరంలోని మోటాట్ ప్రదర్శనశాలలో ‘అరనుయి’ అనే పాతకాలపు విమానం ఒకటి ఉన్నది. అది నేల మీద కాక నీటి మీద వాలే విమానం. 1950వ దశకంలో ఇటువంటి సోలెంట్ విమానాలు ఆక్లాండు నుండి ఫిజీ, సమోవా, కుక్ దీవుల మీదుగా తహితి వరకు ప్రయాణికులను చేరవేసేవి. ‘పగడాల మార్గం’ అని ఆ దారికి పేరు. 1960తో ఆ నీటివిమానాల కాలం ముగిసింది. ఆనాడు విమానమెక్కే పురుషుడు సూటు, టై ధరించడం పెళ్ళికి పట్టుపంచె కట్టుకొని వెళ్ళడమంత సహజమైన మర్యాద.

ఇప్పుడు ఆ మర్యాద పోయింది. ఆక్లాండు నుండి సింగపూరుకు సుమారు పదిన్నర గంటలు, అక్కడ నిరీక్షణ, తరువాత హైదరాబాదుకు మరో నాలుగున్నర గంటలు. ఇంత ప్రయాణానికి ముస్తాబెందుకని కొందరు పడుకునే లాగుతోనే బయలుదేరుతారు. మరికొందరు శంషాబాదులో పూలగుచ్ఛంతో ఎదురుచూసే అత్తవారిని తలచుకొని, కొత్తగా కుట్టించిన సూటు తొడుక్కొని, తీరా దిగేసరికి నలిగిన విస్తరాకులా బయటికి వస్తారు. మొదటివారిది ఉదాసీనత, రెండవవారిది అమాయకత్వం. ఇద్దరూ విమానంలోని గాలిని లెక్కలోకి తీసుకోలేదు.

విమానం పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున ఎగురుతున్నా లోపలి పీడనాన్ని 1,800 నుండి 2,400 మీటర్ల ఎత్తున ఉండే స్థాయిలో నిలుపుతారు. ఉదకమండలం ఎత్తు సుమారు 2,240 మీటర్లు. అంటే ప్రయాణికుడు పది గంటలపాటు ఊటీలో కుర్చీ దిగకుండా కూర్చున్నట్టే. పీడనం తగ్గినప్పుడు వాయువులు వ్యాకోచిస్తాయి. కడుపులోని గాలి కూడా నాలుగో వంతు నుండి మూడో వంతు దాకా పెరుగుతుంది. ఇంటి అద్దం ముందు నడుముకు అచ్చంగా సరిపోయిన ప్యాంటు సముద్రం మధ్యలో ఉరితాడవుతుంది. నడుము వద్ద రెండు వేళ్ళు దూరేంత వదులుండటం సోమరితనం కాదు, భౌతికశాస్త్రం.

ఇక తేమ. విమానంలోని గాలిలో సాపేక్ష ఆర్ద్రత సాధారణంగా 10 నుండి 20 శాతమే. కానీ కూర్చున్న మనిషికీ కుర్చీకీ నడుమ చెమట, ఒంటి వేడి కలిసి చిన్న వానాకాలమే ఏర్పడుతుంది. బట్ట ముడతపడేది అక్కడే. మేదరి వెదురుబద్దను తడిపి, వేడి చూపి, వంచి, ఆరనిస్తాడు. ఆరిన తరువాత బద్ద ఆ వంపులోనే ఉండిపోతుంది. నూలుపోగులోని సెల్యులోజు అణువుల సంగతీ ఇంతే. తేమ తగలగానే వాటి మధ్యనున్న హైడ్రోజన్ బంధాలు సడలుతాయి, ఆరగానే కొత్త భంగిమలో మళ్ళీ బిగుస్తాయి. ఇస్త్రీపెట్టె చేసే పని కూడా ఇదే, కాకపోతే మన ఇష్టప్రకారం చేస్తుంది. కుర్చీ తన ఇష్టప్రకారం చేస్తుంది.

ఉన్ని కథ వేరు. దానిలోని కెరాటిన్ అణువులు మరమేకుల మాదిరి చుట్టలు చుట్టుకొని, గంధక బంధాలతో ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. వంచితే వంగి, వదిలితే స్ప్రింగువలె వెనుకకు వస్తాయి. పైగా సాధారణ గదిలో నూలు తన బరువులో సుమారు 8 శాతం తేమను పట్టి ఉంచితే ఉన్ని 16 శాతం వరకు పడుతుంది. పాలియెస్టరు అర శాతమైనా పట్టదు. నలిగిన ఉన్ని కోటును స్నానాలగదిలో వేడినీటి ఆవిరి మధ్య కాసేపు తగిలిస్తే ముడతలు చాలావరకు వాటంతటవే విచ్చుకుంటాయి. నూలుకోటుకు ఈ ఉపాయం అంతగా పనిచేయదు.

ఉన్ని అనగానే మనవారికి గొంగడి గుర్తుకు వచ్చి ఒళ్ళు జిలపుట్టడం సహజం. దక్కనీ గొర్రె ఉన్ని ముతకది. 30 మైక్రానులు దాటిన పోగుల కొనలు వంగక చర్మాన్ని గుచ్చుతాయి. న్యూజిలాండు దక్షిణ దీవి కొండలలో మేసే మెరీనో గొర్రె పోగు సాధారణంగా 20 మైక్రానుల లోపే, కనుక తగిలితే వంగిపోతుంది. ఆరేళ్ళపాటు కత్తెరకు దొరకకుండా తిరిగి 2004లో పట్టుబడిన ‘ష్రెక్’ అనే మెరీనో పొట్టేలు ఒంటినుండి 27 కిలోల ఉన్ని దిగింది. దానితో ఇరవై సూట్లు కుట్టవచ్చునని అప్పుడు లెక్కగట్టారు. మెలికలు ఎక్కువ వేసిన నూలుతో నేసిన పలుచని మెరీనో కోటు, ముదురు నీలం రంగులో, చిన్న గళ్ళో గరుకు నేతో ఉన్నది, హైదరాబాదు డిసెంబరుకూ ఆక్లాండు వేసవి సాయంత్రానికీ రెండింటికీ చెల్లుతుంది. నేతలోని గరుకుతనం మిగిలిన ముడతలను దాచుతుంది.

ఒకప్పుడు ఆంధ్రదేశంలో టెరీకాటన్ చొక్కా నాగరికతకు చిహ్నం. 1941లో ఇంగ్లండులో కనుగొన్న టెరిలీన్ నిజంగానే నలగదు. కానీ వాసనను వదలదు. డునెడిన్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు చెమట పట్టిన బట్టలను మనుషులచేతనే వాసన చూపించి 2007లో ప్రకటించిన ఫలితాలలో పాలియెస్టరుకు ప్రథమస్థానం, ఉన్నికి చివరిస్థానం దక్కాయి. అంతకన్నా ముఖ్యం, పాలియెస్టరు సుమారు 250 డిగ్రీల సెల్సియసు వద్ద కరిగి చర్మానికి అంటుకుంటుంది. ఉన్ని సులభంగా అంటుకోదు, కరగదు, బొగ్గవుతుంది. ప్రమాదంలో జారుడుబల్ల మీదుగా దిగవలసి వస్తే ఈ తేడా చిన్నది కాదు.

ఇంతకీ విమానప్రయాణంలో పురుషుడు ధరించే వస్త్రాలన్నింటిలో ముఖ్యమైనది ఎవరి కంటా పడనిది, మేజోడు. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాలి సిరలలో రక్తం మందగించి గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. న్యూజిలాండు వైద్య పరిశోధకులు దూరప్రయాణం చేసిన 878 మందిని పరిశీలించి 2003లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. తొమ్మండుగురికి రక్తపు గడ్డలు ఏర్పడ్డాయి, అందులో నలుగురికి ఊపిరితిత్తులలోనే. ఆ తొమ్మండుగురిలో ఇద్దరు కేవలం బిజినెస్ తరగతిలోనే ప్రయాణించినవారు. కాబట్టి ఖరీదైన కుర్చీ రక్షణ కాదు.

చీలమండ వద్ద ఎక్కువ, పైకి పోనుపోను తక్కువ బిగువుండే మోకాలి పొడుగు మేజోళ్ళు బయటికి తెలియని గడ్డలను బాగా తగ్గిస్తాయని అనేక అధ్యయనాలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష తేల్చింది. అయితే అవి కర్ణుని కవచం కావు. పై తొమ్మండుగురిలో నలుగురు అవి తొడిగినవారే. లేచి నడవడం, మడమలు ఆడించడం మానరాదు. మధుమేహం వల్ల కాళ్ళు మొద్దుబారినవారు, కాళ్ళ ధమనుల జబ్బున్నవారు వైద్యుని అడగకుండా వాటిని తొడగరాదు. నాన్నగారిని తొలిసారి ఆక్లాండుకు రప్పించుకునే కొడుకులు కోటు కొనేముందు ఈ సంగతి విచారించడం మంచిది. నల్లరంగులోనూ దొరుకుతాయి కనుక సూటు కింద అవి మామూలు మేజోళ్ళలాగే కనిపిస్తాయి.

పాదాలు వాస్తాయి కనుక బిగుతైన కొత్తబూట్లు పనికిరావు. కాస్త వాడిన తోలుబూట్లే మేలు. తిరుగు ప్రయాణంలో మాత్రం వాటి అడుగుభాగం ఒకసారి తిప్పి చూసుకోవాలి. స్వగ్రామంలో పొలంగట్టు మీద తిరిగిన మట్టి ఆ గాళ్ళలోనే ఉంటుంది. పరాయి మట్టిలోని సూక్ష్మజీవులు, విత్తనాలు తమ అడవులను, పంటలను దెబ్బతీస్తాయని న్యూజిలాండుకు గట్టి భయం. ప్రమాదకర వస్తువును ప్రకటించకుండా పట్టుబడితే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. మట్టిబూట్లున్నాయని ముందే ప్రకటించినవారికి ఆ భయం లేదు. అధికారులు బూట్లను లోపలికి తీసుకువెళ్ళి, సాధారణంగా కడిగి, తుడిచి తిరిగి ఇస్తారు. అప్పుడప్పుడు అవి పెళ్ళినాటికన్నా తళతళలాడుతూ వస్తాయి.